పచ్చ అంటే ఏ పచ్చ?



నీళ్ల మీద రాస్తున్న ఈ వరసలోకి గోల్ఫ్ ఎందుకొచ్చిందని ఇన్‌బాక్స్‌లో ఇద్దరు ముగ్గురు తమ్ముళ్లు అడిగారు. "అక్కా, అది మన వాడ ఆట కాదు కదా" అన్నారు. మన వాడలో ఆడరు, నిజమే. కానీ పద్దెనిమిది హోల్స్ ఉన్న ఒక్క కోర్సుకి సుమారు 150 ఎకరాలు కావాలి. 2014లో తెలంగాణ ప్రభుత్వం భూమిలేని దళిత కుటుంబానికి మూడెకరాలు అని పథకం పెట్టింది గుర్తుందా? ఆ లెక్కన అది యాభై కుటుంబాల వాటా. సరే, భూమి సంగతి మరోసారి. ఇవాళ నేను పట్టుకున్నది ఆడేవాళ్ల మనసు, ముఖ్యంగా ఆట కోసమే దేశాలు దాటి వెళ్లే గోల్ఫ్ టూరిస్టుల మనసు.

వీళ్లు తమని తాము ప్రకృతి ప్రేమికులనే అనుకుంటారు. అబద్ధమని నేననను. తెల్లారకముందే లేచి మంచులో మైళ్లకొద్దీ నడుస్తారు. పిట్టల్ని ఫొటోలు తీస్తారు. ఇంట్లో తడి చెత్త, పొడి చెత్త వేరు చేసేవాళ్లూ ఉంటారు. ఆ ప్రేమకి పరీక్ష ఎదురయ్యేది మైదానంలో ఓ ఎండిన మచ్చ కనిపించినప్పుడు. అప్పుడు వాళ్లకి గుర్తొచ్చేది వాన కాదు, కట్టిన ఫీజు.

ఈ కన్ను ఎక్కడ తయారైంది? అమెరికాలోని జార్జియాలో అగస్టా నేషనల్ అనే క్లబ్బు ఉంది. ఏటా ఏప్రిల్‌లో అక్కడ మాస్టర్స్ టోర్నమెంట్ జరుగుతుంది. 1956 నుంచి అది టీవీలో వస్తోంది, 1966 నుంచి రంగుల్లో. ఎక్కడా ఒక్క కలుపు మొక్క లేని, వాడిన గడ్డిపోచ లేని ఆ మైదానాన్ని చూసినవాళ్లు తమ ఊరి కోర్సు కూడా అలాగే ఉండాలని పట్టుబట్టారు. గడ్డి పెంచే పనివాళ్ల లోకంలో దీనికి "అగస్టా సిండ్రోమ్" అని పేరే ఉంది. అసలు సంగతేమిటంటే ఆ క్లబ్బుని వేసవి నెలల్లో మూసేస్తారు. లోకమంతా చూసేది ఏప్రిల్‌లో ఒక్క వారం ముస్తాబుని. ఇంకో మాట కూడా చెప్పాలి. 1982 దాకా మాస్టర్స్‌లో ఎంత పెద్ద ఆటగాడైనా ఆ క్లబ్బు క్యాడీలనే పెట్టుకోవాలి, ఆ క్యాడీలు నల్లజాతివాళ్లు. అక్కడ ఆడేందుకు మొదటి నల్లజాతి ఆటగాడు లీ ఎల్డర్‌ని రానిచ్చింది 1975లో. క్లబ్బులో సభ్యత్వం ఒక నల్లజాతి మనిషికి దొరికింది 1990లో.

ఆట పుట్టిన స్కాట్లాండ్‌లో సముద్రం ఒడ్డు కోర్సులు ఎండాకాలంలో గోధుమరంగుకి తిరుగుతాయి. 2018లో కార్నూస్టీలో ఓపెన్ టోర్నమెంట్ అలాంటి నేలమీదే ఆడారు. అక్కడికి వెళ్లిన టూరిస్టు దాన్ని సంప్రదాయం అని మెచ్చుకుంటాడు. అదే రంగు ఇంకో దేశం రిసార్టులో కనిపిస్తే నిర్వహణ లోపం అంటాడు. నార్త్ కరోలినాలో పైన్‌హర్స్ట్ నంబర్ టూ కోర్సువాళ్లు 2010-11లో గడ్డి తగ్గించి, సగానికి పైగా స్ప్రింక్లర్లు పీకేసి, నేలని పాత ఇసుక రూపానికి తెచ్చారు. 2014లో అక్కడ యూఎస్ ఓపెన్ జరిగితే టీవీలో ఆ రంగు చూసి మొహం చిట్లించినవాళ్లు చాలామంది. అప్పటికింకా అధ్యక్షుడు కాని, గోల్ఫ్ కోర్సుల యజమాని డొనాల్డ్ ట్రంప్ ట్విట్టర్‌లో ఎద్దేవా చేశాడు.

తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఒక మాట. మన భాషలో "పచ్చ" ఒక్క రంగు కాదు. ఆకుపచ్చా పచ్చే, పసుపుపచ్చా పచ్చే. నాటు వేసిన మడీ పచ్చే, కోతకొచ్చిన చేనూ పచ్చగానే ఉంటుంది. నాట్లేసిన మా అమ్మకి ఆకు రంగు మారడమంటే గింజ పాలు పోసుకుని గట్టిపడటం. ఏడాది పొడుగునా ఒకే ఆకుపచ్చలో నిలబడి ఉండే పైరుని ఆమె చూస్తే తెగులనుకుంటుంది.

పోర్చుగల్ దక్షిణాన ఆల్గార్వ్ ఉంది. బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి చలికాలంలో విమానాలెక్కి గోల్ఫ్ కోసం వెళ్లే చోటు. కరువు ముదిరి 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం నీళ్లకి కోత పెట్టింది. వ్యవసాయానికి 25 శాతం. టూరిజంతో కలిపి పట్టణ వాడకానికి 15 శాతం. నారింజ తోటల రైతుకి పెద్ద కోత, సెలవుల్లో ఆడేవాడికి చిన్న కోత. వైఖరికీ ప్రవర్తనకీ మధ్య ఖాళీ అని పరిశోధకులు అంటుంటారు, మనిషి ఇంట్లో పాటించేది సెలవుల్లో పాటించడని. నాకు ఆ మాట చాలదనిపిస్తుంది. ఆ ఖాళీలో నిలబడి పని చేసే మనిషి ఒకడుంటాడు కదా.

నా క్లాసులో ఒక అబ్బాయి సెలవుల్లో క్యాడీ పనికి పోతాడు. గోల్ఫ్ నియమాల పుస్తకం మొదట్లోనే ఆటగాడు కోర్సుని జాగ్రత్తగా చూసుకోవాలని ఉంది. కొట్టిన దెబ్బకి లేచిన గడ్డి పెళ్లని, అంటే డివోట్‌ని, తిరిగి పెట్టాలి. బంకర్‌లో ఇసుక సాపు చేయాలి. "అవన్నీ మేమే చేస్తం మేడమ్" అన్నాడు. "ఇసుక సీసా నా భుజానికే ఉంటది. సారు కొట్టి ముందుకు పోతడు, నేను ఎనక ఉండి పూడుస్త."

బయటి ఊరి నుంచి వచ్చిన ఒక టూరిస్టు గురించి చెప్పాడు. ప్లాస్టిక్ ముట్టనని ఇంటి నుంచి స్టీలు బాటిల్ తెచ్చుకున్నాడట. భూమి నాశనమైపోతోందని దారంతా మాట్లాడాడట. ఆ బాటిల్ నాలుగుసార్లు నింపుకొచ్చింది మావాడు.

"ఆయన ఎన్ని డివోట్లు లేపాడు?" అని అడిగాను.

"ఇరవై దాటినయ్ మేడమ్. ఒక్కటి గూడ ఎనక్కి తిరిగి చూడలే."

వచ్చే భాగంలో గోల్కొండ నయాఖిలాకి వెళ్దాం. కోట గోడల మధ్య గోల్ఫ్ ఆడే చోటు అది.