ఏప్రిల్ 16

మా యింటివారు పాఠశాలలో ప్రతి యుదయమును ఆనాటి తేదీకి చెందిన విశేషములను నల్లబల్లపై వ్రాయుచుందురు. ఏప్రిల్ 16వ తేదీకి మమ్మును తోడు పిలువగా మేము మూడింటిని ఏరితిమి. 1848లో ఆనాడు రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు జన్మించిరి. 1853లో ఆ తేదీననే బొంబాయినుండి ఠాణాకు సుమారు 400 మందితో మన దేశపు తొలి ప్రయాణికుల రైలుబండి నడచెను. 1889లో ఆ తేదీననే లోకమును నవ్వించిన చార్లీ చాప్లిన్ పుట్టెను.

మేము చదువుచుండగా వినుచున్న మా యమ్మమ్మ, "ఆనాడు ఒక్క ఆడుబిడ్డయైనను పుట్టలేదటే?" అని యడిగెను. మేము నిరుత్తరలమైతిమి. ఆమె యన్నదమ్ముల జాతకములు భోషాణములో భద్రముగా నున్నవి. ఆమె పుట్టినది మాత్రము "మామిళ్లు విరగగాచిన యేడు" అనియే యింటివారెఱుగుదురు. ఆడుబిడ్డలును ఆనాడు పుట్టియే యుందురు, వ్రాసియుంచువారే కఱవైరి.

పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను స్థాపించిరి. 1883లో స్త్రీలకై సతీహితబోధిని యను పత్రికను వెలువరించిరి. కలము మన చేతికి వచ్చి యింతకాలమైనను, పాలపద్దులును పచ్చళ్ల కొలతలును వ్రాసికొంటిమే కాని మన పుట్టువులను వ్రాసికొనకపోతిమి.

ఆ రాత్రి మా భారతము తొలిపుటపై మా కుమార్తెలిద్దఱి జననతేదీలను వేళలతోడ వ్రాసితిమి. వానికి పైన అమ్మమ్మ పేరు వ్రాసి, "మామిళ్లు విరగగాచిన యేడు" అని చేర్చితిమి. ఆమె చదువజాలదు; అయినను ఆ పంక్తిపై వ్రేలుంచి చాలసేపు తీయలేదు.

సోదరీమణులారా, మీ యింటి పెద్దల నడిగి నేడే వ్రాసియుంచుడు.