మేకు పెట్టి తోలిన ట్రక్కు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా సెలవుల్లో పనికి పోయేవాళ్లు.

మేము ఏలూరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. గూడేలు బుట్టాయగూడెం వైపు. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పరీక్ష ఫీజుకి ఇంటికి ఫోన్ చేయబుద్ధి కాదు, అందుకని ఆదివారాలు కైకలూరు పక్కకి చేపల చెరువుల పనికి పోతాం. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని అయిదో కాంటూరు లోపల గట్లు కొట్టేశారు గానీ, ఆ చుట్టుపక్కల చెరువులకి కొదవ లేదు. బొచ్చెలకీ శీలావతులకీ మేత వేయాలి, తవుడు బస్తాలు మోసేవాళ్లు ఎప్పుడూ కావాలి.

ఆ రోజు రెండు చక్రాల ట్రక్కు. దించేటప్పుడు సులువని బస్తాలన్నీ వెనకవైపే పేర్చాం. ట్రాక్టరుకీ ట్రక్కుకీ మధ్య పిన్ను ఉంటుంది కదా, అది పైకి ఎగరకుండా కింద చిన్న లాక్ పిన్ను పెట్టాలి. అది ఎప్పుడో పోయిందట, దాని బదులు మేకు దూర్చి వంచారు. మాలో ఒకడు అడిగాడు కూడా. "ఏం కాదురా అబ్బాయిలూ, రోజూ తోలేదేగా" అన్నాడు డ్రైవరు బాబాయ్. మేం బస్తాల మీదెక్కి కూర్చున్నాం.

చెరువు గట్టు ఎక్కుతుంటే గుంటలో పడి ఒక్క కుదుపు. మేకు విరిగింది, పిన్ను లేచిపోయింది. వెనక బరువెక్కువ కాబట్టి ట్రక్కు మూతి ఆకాశానికి లేచింది, తోక నేలకి కొట్టుకుంది. బస్తాలతో పాటు మేమూ జారాం. మావాడి కాలు బస్తాల కింద పడి విరిగింది. ముందువైపు పడి ఉంటే చక్రం కిందే.

పిన్ను తప్పు బండివాళ్లది. బస్తాలు పేర్చిన తప్పు మాది, ఒప్పుకుంటున్నాం.

తర్వాత తెలుసుకున్నాం. అమెరికాలో పికప్ వెనక ట్రైలర్ కట్టేవాళ్లు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడేలా సర్దుతారట. అక్కడ పడవైనా ఇక్కడ తవుడైనా లెక్క ఒకటే. ఇరుసుకి వెనక బరువు ఎక్కువైతే కొక్కెం పైకి లేస్తుంది, స్పీడులో వెనక బండి పాములా ఊగుతుంది. మరీ ముందుకి తోసినా తంటానే, గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు తేలతాయి. ఇరుసు మీద ఎక్కువ, దాని ముందు కాస్త, అంతే.

బ్రేకు సంగతీ చూడండి. మన దగ్గర ట్రక్కులకి చాలావాటికి బ్రేకే ఉండదు, అంత బరువునీ ట్రాక్టరే ఆపాలి. ట్రాక్టరుకి ఎడమ చక్రానికో పెడలు, కుడి చక్రానికో పెడలు. దుక్కిలో విడివిడిగా తొక్కుతారు. రోడ్డెక్కితే రెండూ కలిపి లాక్ చేయాలి, లేకపోతే ఒక పక్కే పట్టి బండి తిరగబడుతుంది. దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసేవాళ్ల బండి ఎక్కొద్దు. చిన్న గేరులో దిగాలి. రాత్రయితే వెనక ఎర్ర స్టిక్కరైనా లేని ట్రక్కు హైవే మీద ఎవరికీ కనపడదు.

గుబ్బల మంగమ్మ తల్లి దగ్గరికి మన అమ్మలూ చెల్లెళ్లూ ట్రక్కుల్లోనే పోతారు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పదు, ఏదన్నా జరిగితే ఇన్సూరెన్సు దగ్గర పేచీ పెడతారు. వేరే బండి లేదంటారా, నిజమే, మా గూడేనికీ లేదు. కనీసం డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద, ఆ మధ్య కడ్డీ మీద పిల్లల్ని కూర్చోనివ్వకండి.

మావాడు కట్టుతోనే సెమిస్టర్ రాశాడు. చెరువాయన ఆసుపత్రి ఖర్చు సగం ఇచ్చాడు, మిగతాది మేం తలా కొంత వేసుకున్నాం.

పోయిన ఆదివారం వేరే చెరువుకి పోయాం. బస్తా ఎత్తకముందే పిన్ను చూపించమన్నాం. "కలెక్టర్లు దిగారండోయ్" అని నవ్వాడు ఆ డ్రైవరన్న. నవ్వితే నవ్వాడు గానీ, సీటు కింద నుంచి లాక్ పిన్ను తీసి పెట్టాడు.