ఆగిందా, నువ్వే ఆపావా?

మా ఇంట్లో ఒక మాట ఉంది. మిక్సీ ఆగినా, నీళ్ళ మోటారు ఆగినా, చివరికి టీవీలో సీరియల్ మధ్యలో కరెంటు పోయినా, ఎవరో ఒకరు "ఆగిందా, నువ్వే ఆపావా?" అంటారు. అందరం నవ్వుకుంటాం. కానీ ఆ మాట పుట్టిన రోజున నాకు నవ్వు రాలేదు. ఆ కథే ఇవాళ చెప్తాను.

2012 నాటి సంగతి. అప్పుడు మేము గాజువాకలో ఉండేవాళ్ళం. మామయ్యగారు 1995లో కొన్న కారు ఆయన పోయాక మాకు మిగిలింది. కంపెనీ పేరెందుకు లెండి, పాపం దాని తప్పేమీ లేదు. కార్బురేటర్ ఉన్న పాతకాలపు పెట్రోలు బండి. నాకు డ్రైవింగు నేర్పింది కూడా మామయ్యగారే, నా ముప్పై నాలుగో ఏట. పక్కసీట్లో కూర్చుని, బ్రేకు వెయ్యాల్సిన చోటల్లా "నారాయణ" అనేవారు. ఆ నారాయణ నామం ఎంత గట్టిగా వినిపిస్తే అంత గట్టిగా తొక్కాలన్నమాట.

మావారిది షిఫ్టు డ్యూటీ. ఉద్యోగానికి కంపెనీ బస్సులో వెళ్ళేవారు. కాబట్టి కారు ఎక్కువగా నా చేతిలోనే ఉండేది. పది రోజులకోసారి అత్తయ్యగారిని అనకాపల్లి తీసుకెళ్ళడం నా పని. అక్కడ ఆవిడ చెల్లెలు, మా చిన్నత్తయ్య, పక్షవాతం వచ్చి మంచాన పడి ఉండేది. కుడిచెయ్యి బాగానే ఉంది గానీ మాట పడిపోయింది. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, బస్సు మెట్లు ఎక్కలేరు. కాబట్టి కారు లేకపోతే అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకోవడం లేదు.

జనవరిలో మొదలైంది. లంకెలపాలెం దాటాక ఒక లారీని దాటబోతూ యాక్సిలరేటర్ తొక్కాను. బండికి ఎక్కిళ్ళు వచ్చినట్టు రెండు కుదుపులు కుదిపి టప్పున ఆగిపోయింది. వెనక ఇంకో లారీ. వాడు కొట్టిన హారన్ ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఎలాగో ఉన్న ఊపుతోనే ఎడమపక్కకి లాగేశాను. అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు, నా మోచెయ్యి పట్టుకున్నారంతే. తాళం ఎన్నిసార్లు తిప్పినా స్టార్టవదు. ఓ పది నిమిషాలు కూర్చుని మళ్ళీ తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. అనకాపల్లి చేరేలోపు మళ్ళీ అదే వరస.

ఇంటికొచ్చి చెప్తే మావారు సాయంత్రం బజారు దాకా ఒక చుట్టు వేసి వచ్చారు. "బండి బంగారంలా ఉంది. ఇంతకీ అది ఆగిందా, నువ్వే ఆపావా? క్లచ్ గభాల్న వదిలేస్తావు నువ్వు" అన్నారు. నేను గాబరా పడి క్లచ్ వదిలితే బండి బయల్దేరేటప్పుడు ఆగాలి గానీ, యాభై మీద పోతూ పోతూ ఎందుకాగుతుందండీ? ఆ మాట అప్పుడు తట్టలేదు. తట్టినవన్నీ రాత్రి గిన్నెలు తోముతుంటేనే తడతాయి, అదేమిటో.

మా మెకానిక్ మంచివాడే. కానీ అతనూ "లేడీస్ డ్రైవింగు కదండీ, హాఫ్ క్లచ్‌లో నడుపుతారు" అని మావారితోనే చెప్పాడు, నేను పక్కనే నిలబడి ఉండగా. అయినా బండి చూశాడు. మొదట ప్లగ్గులు మార్చాడు. వారం తిరక్కుండా మళ్ళీ ఆగింది. పాయింట్లు, కండెన్సరు మార్చాడు. కార్బురేటర్ విప్పి జెట్లు శుభ్రం చేశాడు. పెట్రోలు ఫిల్టరు కొత్తది వేశాడు. పంపు విప్పి కిట్టు మార్చాడు. అన్నీ కలిపి నాలుగు వేలు దాటింది. ప్రతిసారీ వీధి చివరిదాకా నడిపి చూసేవాడు, బండి హాయిగా నడిచేది. అతని తప్పు కూడా కాదు. జబ్బు అతని ముందు కనబడితేగా. మన జ్వరం డాక్టరు గదిలోకి వెళ్ళగానే తగ్గిపోయినట్టు.

మార్చి ఎండలు మొదలయ్యాక, "వేపర్ లాక్ మేడమ్, వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతాది. ఆగినప్పుడు పంపు మీద తడిగుడ్డ వెయ్యండి" అన్నాడు. పాత కార్లకి వేసవిలో ఇది నిజంగానే వచ్చే జబ్బు. సరే, బాటిలు నీళ్ళు, పాత లుంగీ ముక్క కార్లో పెట్టుకున్నాను. ఆగినప్పుడల్లా బానెట్టు ఎత్తి తడిగుడ్డ వేస్తే పది నిమిషాల్లో స్టార్టయ్యేది. మందు దొరికిందని నేనూ నమ్మాను. గుడ్డ వెయ్యకపోయినా పది నిమిషాలకి స్టార్టవుతుందన్న సంగతి మర్చిపోయాను చూడండి! ఓపిక పట్టినందుకు తగ్గిన జబ్బుకి తడిగుడ్డకి పేరొచ్చింది.

మార్చి నెలాఖరుకి అత్తయ్యగారు, "వద్దులేమ్మా, హైవే మీద నిన్ను ఇబ్బంది పెట్టడం నాకు బాగాలేదు. ఫోన్లో మాట్లాడతాలే" అన్నారు. మాట పడిపోయిన మనిషితో ఫోన్లో ఏం మాట్లాడతారు? చిన్నత్తయ్య కోడలు ఫోను ఆవిడ చెవి దగ్గర పెడితే, ఇటునుంచి అత్తయ్యగారు ఒక్కరే మాట్లాడి, అటునుంచి ఊపిరి విని పెట్టేసేవారు. ఒకరోజు వంటింటి గుమ్మంలోంచి అది చూశాను. మావారేమో బండి అమ్మేద్దామంటున్నారు. అమ్మితే అమ్మారు గానీ, "దీనికి నడపడం రాక అమ్మేశాం" అనే మాట మిగిలిపోతుందని నాకు లోపల ఒకటే రంపపుకోత.

నేను బి.ఏ. తెలుగు. బాలవ్యాకరణంలో 'బహుళం' అని ఒక మాట వస్తుంది. ఒకచోట తప్పక జరుగుతుంది, ఒకచోట అసలు జరగదు, ఇంకోచోట జరిగినా జరగొచ్చు, మరోచోట ఇంకేదో జరుగుతుంది. మా బండి రోగం అచ్చంగా బహుళమే అనుకునేదాన్ని. కానీ మా వ్యాకరణం మాస్టారు, ముందు ఉదాహరణలు పోగెయ్యండి, తర్వాత సూత్రం అడగండి అనేవారు. సరే, పాలలెక్క పుస్తకంలో వెనక పేజీలు తీసి రాయడం మొదలుపెట్టాను. ఏ రోజు, ఎన్నింటికి బయల్దేరాం, ఎంత దూరం పోయాక ఆగింది, అప్పుడేం చేస్తున్నాను, పెట్రోలు ఎప్పుడు ఎంత పోయించాం. మావారు వెళ్ళినవి కూడా రాశాను, ఆయనకి చెప్పకుండా.

నెల తిరిగేసరికి కొన్ని విషయాలు కనబడ్డాయి. మొదటి ఇరవై నిమిషాల్లో ఎప్పుడూ ఆగలేదు. ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు ఆగలేదు. ఎక్కువసేపు నడిచాక, గట్టిగా తొక్కినప్పుడే ఆగుతోంది. ఒకరోజు తెల్లవారుజామున, చల్లటి గాలిలో కూడా ఆగింది కాబట్టి తడిగుడ్డ సిద్ధాంతం అక్కడితో సరి. అన్నిటికంటే చోద్యం ఏమిటంటే, ట్యాంకు నిండా పోయించిన రోజునే తొందరగా ఆగుతోంది! కడుపు నిండితే నీరసం రావడం ఎక్కడైనా ఉందా? మావారు ఎప్పుడూ రెండు వందలో మూడు వందలో పోయించి ఊళ్ళో తిరుగుతారు. ఆయనకి ఒక్కసారీ ఆగలేదు. ఇంత రాసుకున్నాను గానీ దీని అర్థం మాత్రం తెలియలేదు.

తెలిసింది ఆవకాయ రోజున. మే మొదట్లో ముక్కలు కొట్టించుకొచ్చి, నువ్వులనూనె డబ్బా మూలన మేకుతో ఒక చిల్లు పెట్టి బేసినులోకి వంచాను. కాస్త ధారగా వచ్చి, గుటక్ గుటక్ అని, తర్వాత బొట్లు బొట్లుగా పడి ఆగిపోయింది. మా అబ్బాయి అప్పుడు ఎనిమిదో తరగతి. "అమ్మా, డబ్బా నిండా ఉంది, రావట్లేదేంటి?" అన్నాడు. "రెండో చిల్లు పెట్టలేదురా, గాలి లోపలికి పోవాలి కదా" అని, రెండో మూల మేకు పెట్టి కొట్టాను. ధార మొదలైంది. నా చెయ్యి మాత్రం ఆగిపోయింది.

డిసెంబరులో పెట్రోలు బంకులో కుర్రాడు ట్యాంకు మూత కారు పైన పెట్టి మర్చిపోయాడు. మేమూ చూసుకోలేదు, అది దారిలో ఎక్కడో పడిపోయింది. మావారు స్పేర్‌పార్ట్స్ షాపులో కొత్త మూత తెచ్చారు. తళతళా మెరిసేది, తాళం చెవితో సహా. పెట్రోలు దొంగతనం జరగదని మురిసిపోయాం కూడా. జనవరిలో కదా బండి ఆగడం మొదలైంది!

అలాంటి పాత బండ్లలో ట్యాంకు లోపలికి గాలి మూతలోంచే వెళ్ళాలి, దానికొక సన్నటి దారి ఉంటుంది. ఆ దారి లేని మూత బిగిస్తే, పెట్రోలు వాడుతున్నకొద్దీ ట్యాంకులో గాలి పలచబడుతుంది. ఇంజను పక్కన పంపు ఇటు లాగుతుంటే ట్యాంకు అటు లాగుతుంటుంది. నెమ్మదిగా పోతే ఇంజనుకి కొంచెం చాలు, ఎలాగో నెట్టుకొస్తుంది. గట్టిగా తొక్కితే ఎక్కువ కావాలి, అంత రాదు. కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే చిన్న గిన్నె ఒకటుంటుంది, అది కాస్తా ఖాళీ అయిపోతుంది, బండి చచ్చిపోతుంది. కాసేపు ఊరుకుంటే ఏ సందులోంచో గాలి దూరి మళ్ళీ సర్దుకుంటుంది. ఇక ట్యాంకు నిండా ఉన్నప్పుడు లోపల గాలికి చోటే కొంచెం. లీటరు ఖాళీ అయ్యేసరికే ఆ కాస్త గాలీ సాగిపోతుంది. మావారి బండిలో ఎప్పుడూ అడుగునే పెట్రోలు, పైనంతా గాలి. పైగా రోజు విడిచి రోజు బంకులో మూత తీస్తారు. ఆయనకెలా ఆగుతుంది?

ఇదంతా నాకు ఆ క్షణంలో తట్టిందని కోతలు కొయ్యను. నూనెడబ్బా, ట్యాంకు మూత, ఈ రెండే తట్టాయి. మిగతాది తర్వాత మెకానిక్‌తో కూర్చుని, అబ్బాయి సైన్సు పుస్తకం తిరగేసి అర్థం చేసుకున్నాను.

మర్నాడు ట్యాంకు నింపించి అబ్బాయిని ఎక్కించుకుని బయల్దేరాను. లంకెలపాలెం దాటాక గట్టిగా తొక్కాను. రెండు కుదుపులు, ఆగింది. బండి ఆగినందుకు సంతోషించడం నా జీవితంలో అదే మొదలు. పక్కకి తీసి, దిగి, మూత తాళం తిప్పాను. 'ఉస్స్' మని గాలి లోపలికి లాగిన శబ్దం! అబ్బాయి కళ్ళు ఇంతయ్యాయి. మూత మళ్ళీ పెట్టి తాళం తిప్పితే రెండోసారికే స్టార్టయింది. పది నిమిషాలు లేవు, తడిగుడ్డా లేదు. తిరుగుప్రయాణంలోనూ అంతే జరిగింది. మూత వదులుగా పెట్టి నడుపుదామన్నాడు వాడు. పెట్రోలు తొణికితే ప్రమాదం, ఆ పని మాత్రం ఎవరూ చెయ్యకండి.

ఇంట్లో ఏమీ చెప్పొద్దని వాడితో ఒట్టు వేయించుకున్నాను. ఆదివారం మావారితో, "ఈసారి మీరు నడపండి, నేను పక్కన కూర్చుని మీరు క్లచ్ ఎలా వదులుతారో చూసి నేర్చుకుంటాను" అన్నాను. ట్యాంకు నిండుగా ఉంది. ఆయన హుషారుగా బయల్దేరారు. లంకెలపాలెం దాటింది. ముందు ట్రాక్టరు. తొక్కారు.

బండి ఆగిపోయాక లోపల ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మీకు తెలుసుగా.

"ఆగిందా, మీరే ఆపారా?" అన్నాను.

వెనకసీట్లో అబ్బాయి పడీపడీ నవ్వాడు. మావారు కాసేపు స్టీరింగు వైపు చూసి, ఆయనా నవ్వేశారు. దిగి మూత తీయమన్నాను. ఆ 'ఉస్స్' విన్నాక, పాలలెక్క పుస్తకం చేతిలో పెట్టాను. రోడ్డు పక్కన నిలబడి నాలుగు పేజీలూ చదివారు. "నా ట్రిప్పులు కూడా రాశావా?" అన్నారంతే. క్షమించమని అడగలేదు. మగవాళ్ళ నుంచి ఆ మాట వినాలంటే ఇంకో పుస్తకం రాయాలేమో.

మెకానిక్ మాత్రం నిజాయితీపరుడు. పాత సామాన్ల దుకాణంలో అదే రకం బండి మూత ఒకటి సంపాదించుకొచ్చాడు, అరవై రూపాయలు. రెండు మూతలనీ లోపలివైపు నుంచి నోటితో పీల్చి చూశాడు. పాతదానిలోంచి గాలి వచ్చింది, తళతళలాడేదానిలోంచి రాలేదు. "ఇన్నాళ్ళూ ముందువైపే చూశానండి, ఎనక్కి ఎల్లలేదు" అని, కొత్త పంపు కిట్టు డబ్బులు తిరిగి ఇవ్వబోయాడు. వద్దన్నాను, పని చేశాడుగా. ఆ తర్వాత నుంచి బండి సంగతి ఏదైనా నాతోనే మాట్లాడేవాడు.

ఆ మంగళవారం పొద్దున మావారు నైట్ డ్యూటీ నుంచి వచ్చి, పడుకోకుండా కారు తీసుకుని బయటికెళ్ళారు. ఇరవై నిమిషాలకి వచ్చి తాళాలు బల్లమీద పెట్టి, దుప్పటి ముసుగేసుకున్నారు. కార్లో కూర్చుని చూస్తే పెట్రోలు ముల్లు చివరిదాకా ఉంది. ఆ మనిషి ట్యాంకు నింపించడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

అత్తయ్యగారు ఒళ్ళో చిన్న ఆవకాయ సీసా పెట్టుకుని ముందుసీట్లో కూర్చున్నారు, వేలితో నాకిద్దామని. లంకెలపాలెం దగ్గర మాత్రం నా మోచెయ్యి పట్టుకున్నారు. నేను ఒక లారీని దాటాను, తర్వాత ఇంకోదాన్ని. అనకాపల్లిలో బెల్లం కొనడానికి తప్ప ఎక్కడా ఆగలేదు.