డీజిల్ కారుకి బలం పెంచే ముందు ఒక్క మాట

మిర్చి కోతలు అయిపోయినై, కాస్త తీరిక దొరికింది. ఈసారి తెగుళ్లు, మందుల సంగతి కాదు, కారు సంగతి రాస్తున్నా. మన ఊళ్లల్లో సెకండ్ హ్యాండ్ డీజిల్ కార్లు బాగా పెరిగినై. కుర్రాళ్లు వాటికి రీమ్యాప్ అని ఒకటి చేయిస్తున్నారు. మా ఇంట్లోనూ జరిగింది. ఎవరికైనా పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మాది 2014 మోడల్ స్విఫ్ట్ డీజిల్. ఇంజిన్ 1248 సీసీ, ఫియట్ వాళ్ల డిజైను. ఇదే ఇంజిన్ డిజైర్‌లో, రిట్జ్‌లో, ఇండికా విస్టాలో, పుంటోలో కూడా వచ్చింది. కంపెనీ ఇచ్చిన బలం 75 హార్స్‌పవర్, టార్క్ 190 న్యూటన్ మీటర్లు. మా నలుగురికీ అది చాలు. మావాడికి చాల్లేదు.

కార్తీకమాసంలో మా అమ్మని తీసుకుని శ్రీశైలం బయల్దేరాం. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే సైలెన్సర్ నుంచి నల్లటి పొగ. వెనకాల వచ్చేవాడు లైట్లు కొడుతున్నాడు. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి ఇంజిన్ అరుస్తోంది కానీ బండి ముందుకు పోవట్లేదు. లోపలంతా క్లచ్ మాడిన వాసన. పక్కకి తీసి ఆపాం. సాయంత్రం అవుతోంది, రాత్రిపూట ఆ అడవి రోడ్డు మూసేస్తారు. ఎనభై ఏళ్ల మా అమ్మ వెనక సీట్లో దణ్ణం పెట్టుకుంటా కూర్చుంది.

అప్పుడు చెప్పాడు మావాడు. "నాన్నా, పోయిన నెల రీమ్యాప్ చేయించా. 110 హార్స్‌పవర్ వస్తుందన్నారు." డ్రిప్ పైపులకని నేనిచ్చిన డబ్బుల్లోంచి 18 వేలు దానికి పెట్టాడంట.

చెయ్యి లేచింది. కానీ కొట్టలేకపోయా. ఎందుకంటే 1996లో ఇదే తప్పు నేనూ చేశా.

అప్పుడు మాకో పాత ట్రాక్టరు ఉండేది. సాగర్ కాలువకి నీళ్లొచ్చినై, అందరూ ఒక్కసారే దమ్ముకి దిగారు. దమ్ము చక్రాలేసుకుని దిగితే మా బండి గుంజట్లేదని, నాన్నకి చెప్పకుండా డీజిల్ పంపు పెంచించా. నాలుగు రోజులు ఏనుగులా లాగింది. నల్లగా పొగ పోస్తుంటే అదే బలం అనుకుని మురిసిపోయా. అయిదో రోజు మడి మధ్యలో టకటకమని ఆగిపోయింది. విప్పి చూస్తే ఒక పిస్టన్ తల కరిగి గుంట పడింది, రింగులు పట్టేసినై. నాన్న పాడి గేదెని అమ్మి బాగుచేయించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఏడాది ఇంట్లో పాలు కొనుక్కున్నాం. అదే నాకు పెద్ద దెబ్బ.

ఘాట్‌లో గంటసేపు బండి చల్లారనిచ్చి, కాలు తేలిగ్గా పెట్టి మెల్లగా దోర్నాల దిగాం. అమ్మకి ఆ రోజు దర్శనం కాలేదు.

తర్వాత మా ఊరి పక్క టౌన్లో తెలిసిన మెకానిక్ దగ్గరకి తీసుకెళ్లాం. స్కానర్ పెట్టి చూసి, ఆ కుర్రాడు చెప్పిన లెక్క నాకు బాగా నచ్చింది. నాకర్థమైనంత చెప్తా.

డీజిల్ ఇంజిన్‌కి బలం పెంచడమంటే ముందు నూనె ఎక్కువ పొయ్యడమే. పాత ట్రాక్టరుకి స్క్రూ తిప్పి పెంచేవాళ్లం, ఇప్పుడు కంప్యూటర్‌లో అంకెలు మారుస్తున్నారు. కానీ కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే కనీసం పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. డీజిల్ ఇంజిన్‌కి అంతకన్నా ఎక్కువ గాలే ఉండాలి. గాలి ఇచ్చేది టర్బో. చిన్న టర్బో ఇవ్వగలిగింది ఇచ్చేశాక ఇంకా నూనె పోస్తే అది కాలదు, నల్ల పొగై పోతుంది, లోపల వేడి పెరుగుతుంది. పిస్టన్ అల్యూమినియంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. ఆయిలూ నీళ్లూ ఎప్పటికప్పుడు ఆ వేడిని లాక్కుపోతుంటాయి కాబట్టి పిస్టన్ బతుకుతోంది. "టర్బో ముందు పొగ వేడి 700 దాటి ఎక్కువసేపు నిలిచిందంటే భయపడాల్సిందే బాబాయ్" అన్నాడు. ఊళ్లో రోడ్డు మీద రెండు క్షణాలు తొక్కితే ఏమీ కాదు. ఘాట్‌లో పావుగంట ఆపకుండా తొక్కితేనే అసలు సంగతి బయటపడుతుంది.

రెండోది టార్క్. బలం వేరు, టార్క్ వేరు. పిస్టన్ నుంచి క్రాంకుకి ఉండే కనెక్టింగ్ రాడ్‌ని వంచేది తక్కువ ఆర్‌పీఎంలో పడే పెద్ద దెబ్బ. క్లచ్‌ని జార్చేదీ అదే టార్కు. నిండా బస్తాలేసిన బండిని ఒక్క ఉదుటున లాగమంటే ఎద్దు మెడ విరుగుతుంది, అదే నడకలో పెడితే రోజంతా లాగుతుంది.

ఇక్కడే కంపెనీ వాళ్ల తెలివి చూడండి. ఇదే 1248 సీసీ ఇంజిన్‌ని ఎర్టిగా, సియాజ్ లాంటి వాటిల్లో 90 హార్స్‌పవర్‌తో ఇచ్చారు. అంటే 15 పెంచారు. టార్క్ మాత్రం 190 నుంచి 200కే పెంచారు. ఎలా కుదిరింది? 75 హార్స్‌పవర్ బండికి 4000 ఆర్‌పీఎం దగ్గర మిగిలే టార్క్ దాదాపు 132. 90 బండికి అక్కడ 158. అంటే కింద దెబ్బ పెంచలేదు, పైన టార్క్ పడిపోకుండా నిలబెట్టారు. దానికని వేరే టర్బో, లోపలి రెక్కలు తిరిగి గాలిని సర్దుకునేది పెట్టారు. టర్బో మార్చకుండా ఉత్త అంకెలు మార్చి 110 చేస్తామనేవాడు ఏం చేస్తున్నాడో మీరే ఆలోచించండి. మావాడి బండిలో 2000 దగ్గరే టార్క్ బాగా ఎక్కించారు. పొగ రాకుండా నూనెకి కంపెనీ పెట్టిన కట్టుబాటు తీసేశారు.

ఇంకొందరు చిన్న డబ్బా ఒకటి తగిలిస్తారు. అది నూనె పైపులో ఒత్తిడి తక్కువగా ఉందని ఇంజిన్ కంప్యూటర్‌కి అబద్ధం చెప్తుంది. అది నమ్మి కంప్యూటర్ ఒత్తిడి పెంచుతుంది. ఆ పైపులో మామూలుగానే వెయ్యి బార్ పైన నడుస్తుంది. మన ట్రాక్టర్ వెనక టైరులో ఉండేది ఒకటో ఒకటిన్నరో. దాంతో ఆటలాడితే ముందు పోయేది నాజిళ్లే, వాటి ఖరీదు మీకు తెలుసు.

మా అదృష్టం బాగుండి కంప్రెషన్ నాలుగు సిలిండర్లకీ సమానంగా వచ్చింది. పిస్టన్లు బతికినై. క్లచ్ సెట్ పోయింది. ఇంటర్‌కూలర్ గొట్టం ఒకటి చీలింది. మొత్తం 14 వేలు. పాత ఫైల్ మళ్లీ ఎక్కించాడు.

అసలు విచిత్రం తర్వాత తెలిసింది. ఈజీఆర్ వాల్వు, గాలి వెళ్లే గొట్టం మసితో సగం మూసుకుపోయి ఉన్నై. ఎయిర్ ఫిల్టర్ నిండా మన మిర్చి కళ్లాల దుమ్ము. డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు. మావాడు "గుంజట్లేదు" అన్నది నిజమే. ఉన్న 75లో ఎంత పోయిందో తెలియకుండా పైన ఇంకా అప్పు తెచ్చాం. అవన్నీ శుభ్రం చేశాక బండి నడిపి వాడే "నాన్నా, ఇది చాలు" అన్నాడు.

అయినా చేయించాలనుకునే తమ్ముళ్లకి నాలుగు మాటలు. ముందు కంప్రెషన్, నాజిళ్లు, టర్బో, గొట్టాలు చూపించుకోండి. పాత ఫైల్ కాపీ దగ్గర పెట్టుకోండి. 2000 లోపల టార్క్ పెంచొద్దని, పొగ కట్టుబాటు, వేడి కట్టుబాటు తియ్యొద్దని గట్టిగా చెప్పండి. ఏ గేరులోనైనా నల్ల పొగ కనిపిస్తే ఆ పని చెడినట్టే. ఈ ఇంజిన్‌లో ఉండేది టైమింగ్ చైను. మురికి ఆయిల్‌తో అది అరుగుతుంది, కాబట్టి ఆయిల్ మార్పు 10 వేల కిలోమీటర్లు దాటనివ్వొద్దు. టాప్ గేరులో నిదానంగా పోతా పెడల్ అడుగుదాకా తొక్కొద్దు, గేరు దించండి. ఘాట్ ఎక్కి ఆగిన వెంటనే తాళం తిప్పొద్దు, ఒక నిమిషం నడవనిస్తే టర్బో చల్లబడుతుంది. 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 అని బండి మార్పుల మీద ఉంది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా చిక్కు రావచ్చు. అదీ కనుక్కోండి.

మావాణ్ణి నేనేమీ అనలేదు. ట్రాక్టరు కథ మాత్రం మొదటిసారి చెప్పా. గేదెని అమ్మిన సంగతి వాడికి అప్పటిదాకా తెలియదు. డ్రిప్ డబ్బులు కౌలు పనికెళ్లి తెచ్చిస్తానన్నాడు, సగం తెచ్చాడు కూడా.

శివరాత్రి రద్దీ అయ్యాక మళ్లీ శ్రీశైలం వెళ్లాం. వాడే నడిపాడు. ఘాట్‌లో రెండో గేరు, మూడో గేరు, పొగ లేదు. పైకెళ్లాక నిమిషం ఆగి అప్పుడు ఇంజిన్ ఆపాడు. అమ్మకి దర్శనం బాగా అయింది.