కోస్గిలో రెండు రాత్రులు

కోస్గి అనగానే చాలామంది ఆదోనికి, మంత్రాలయం రోడ్డుకు నడుమనున్న రైల్వే స్టేషనును తలుస్తారు. అది కర్నూలు వైపు కోసిగి. నేను చెప్పబోయేది మా అత్తగారి పుట్టినూరు, పాలమూరు కోస్గి. 2019లో నారాయణపేట జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది గాని, మా ఇంట్లో ఇప్పటికీ పాలమూరు అనే అంటాము. హైదరాబాదు నుండి పరిగి, కొడంగల్ మీదుగా వెళ్ళాము. దారి పొడుగునా ఎర్రనేలలు, కందిచేలు, ఎవరో పేర్చి వదిలేసినట్లుండే బండరాళ్ళు.

మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేండ్లు. ఆమె పుట్టింటి మట్టిమిద్దె వానలకు కూలిపోయింది. గోడలు కొంతవరకు, వాకిలి, వేపచెట్టు మిగిలాయి. ఆ జాగా అమ్ముడయ్యేలోగా రెండు రాత్రులు ఆ వాకిట్లో పడుకుని రావాలని ఆమె కోరిక. చుట్టాల ఇంట్లో పడుకుందామంటే, "వాళ్ళింట్ల పండనీకి గింత దూరం వస్తనా?" అన్నది. క్రిస్మస్ సందడి తీరి, కొత్త సంవత్సరం మొదటి వారం గడుస్తున్న రోజులు. ఆ మెట్టనేలల మీద పగలు ఎండ చురుక్కుమంటుంది, తెల్లవారుజామున పళ్ళు కొట్టుకుంటాయి. ఈ వయసులో ఆమెను ఆరుబయట ఎలా పడుకోబెట్టడం?

దీనికి మా మరిది వ్యాను అక్కరకు వచ్చింది. పాత వ్యాను ఒకటి కొని, పైకప్పు కోయించి, ట్రంకుపెట్టె మూతలాగ వెనుకవైపు పైకి లేచేలా చేయించాడతను. లేచిన కప్పుకు మూడు పక్కలా కాన్వాసు గుడ్డ ఉంటుంది. పైన ఇద్దరు, కింద ఇద్దరు పడుకోవచ్చు. జర్మనీలో ఫోక్స్‌వాగన్ వ్యానులను ఇలా నిద్రపోయే బండ్లుగా మార్చడం వెస్ట్‌ఫాలియా అనే కంపెనీ 1950లలోనే మొదలుపెట్టింది. మన దేశంలో ఇంకా కొత్తే. (పాఠకులలో ఎవరికైనా ఇలా చేయించాలని ఉంటే, ముందు రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆ మార్పును రిజిస్ట్రేషన్ పుస్తకంలో రాయించుకోండి. తరువాత చూద్దాములే అనుకుంటే చిక్కులు వస్తాయి.)

ఇటువంటి బండికి చలి వచ్చేదంతా ఆ గుడ్డ గోడల నుండే. ఆ సంగతి తెలిసి మా మరిది పట్నంలో వెండిరంగు రేకుకాగితం కొన్నాడు. నడుమ గాలిబుడగలుండే రకం, కార్ల అద్దాలకు ఎండ తగలకుండా అడ్డం పెడతారే, అటువంటిది. దాన్ని కత్తిరించి, వెల్క్రో పట్టీలతో కాన్వాసుకు లోపలివైపు సందు లేకుండా అతికించాడు. చూడడానికి ముచ్చటగానే ఉంది.

మొదటి రాత్రి మూడు గంటలవేళ అత్తగారు నన్ను తట్టి లేపారు. "బిడ్డా, వాన పడుతున్నదా? ముఖం మీద నీళ్ళు పడుతున్నయ్." బయట ఆకాశం నిండా చుక్కలు. టార్చిలైటు వేసి రేకుకాగితం అంచు ఎత్తి చూస్తే, వెనుక కాన్వాసు చెమట పట్టి కారుతున్నది. పైన పడుకున్న మావారి దుప్పటి ఒక పక్క తడిసిపోయింది. అత్తగారికి దగ్గు మొదలయ్యింది.

ఆ నీళ్ళు మావే. ఒక్క మనిషి రాత్రంతా ఊపిరి ద్వారా, చర్మం ద్వారా సుమారు పావులీటరు నీటిని గాలిలోకి వదులుతాడు. నలుగురివి కలిపితే లీటరు. ఆ తేమ చల్లని వస్తువు దొరికిన చోట నీరవుతుంది, చల్లటి నీళ్ళు పోసిన చెంబుకు బయట చెమట పట్టినట్లు. లోపల రేకుకాగితం అతికించడంతో మా వెచ్చదనం కాన్వాసుకు అందక అది మరీ చల్లబడింది. తేమ మాత్రం అతుకుల సందుల గుండా అక్కడికి చేరింది. తిరిగి పోవడానికి దారి లేదు.

అత్తగారు కుంపటి అడిగారు. "గిన్ని బొగ్గులేసి లోపల పెట్టుండ్రి, తెల్లారేదాక వెచ్చగుంటది. మా అవ్వ పెట్టేది." పొయ్యి కింద బొగ్గులున్నాయి, కుంపటి పొరుగింట్లో ఉంది. మా మరిది లేచాడు కూడా. మావారు దిగి వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. తల్లి మాటకు ఎదురు చెప్పని మనిషి, ఆ రాత్రి ఒప్పుకోలేదు. ఎర్రగా కాలిన బొగ్గు పొగ రాకపోయినా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. మన రక్తం ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారికి మెలకువే రాదు. అత్తగారి అవ్వ కుంపటి పెట్టిన ఇంటికి పెంకుల సందులు, తలుపు కింద జానెడు ఖాళీ ఉండేవి. మా వ్యానుకు మేమే సందులన్నీ మూశాము. చలికాలం వస్తే ఇటువంటి వార్త ఎక్కడో ఒకచోట చదువుతూనే ఉంటాము గదా. "నన్ను చలికి సంపుతవా?" అని అత్తగారు అలిగారు. నా శాలువా, మావారి స్వెట్టరు ఆమెకు కప్పి, రేకుకాగితం పీకేసి, అలాగే కూర్చుని తెల్లవార్చాము.

పొద్దున ఆమె తమ్ముని భార్య చాయ తెచ్చింది. సంగతి విని, ఇంటికి వెళ్ళి మడత పెట్టిన నల్ల గొంగడి ఒకటి తెచ్చింది. అది పోయిన తమ్ముడిది. అత్తగారు దాన్ని ముక్కుకు ఆనించుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా మరిది మాత్రం టేపు తెచ్చి కొలిచాడు: పొడవు తొమ్మిదిన్నర అడుగులు, వెడల్పు నాలుగు. వ్యాను కప్పు పక్కలు 7 అడుగుల చొప్పున, వెనుక 4, మొత్తం 18. ఎత్తు వెనుక 3 అడుగులు, ముందుకు పోనుపోను సున్న. అంటే ఇటువంటివి రెండుంటే చుట్టు తిరిగి వస్తుంది.

రెండోదాని కోసం కురుమల ఇంటికి వెళ్ళాము. అక్కడి పెద్దాయన ఇప్పుడు నేయడం లేదు, దాచినది ఒకటి ఇచ్చాడు. ఉన్ని ఎక్కడిదమ్మా అన్నాడు. దక్కని నల్లగొర్రెకే గొంగడికి పనికివచ్చే ఉన్ని. నెల్లూరు జాతికి ఉండేవి వెంట్రుకలే, మాంసానికి తప్ప దేనికీ రావు. 2017లో ప్రభుత్వం ఒక్కొక్కరికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు కూడా మందలు పెరిగాయి గాని మగ్గాలు పెరగలేదని అతని మాట. ఆడవారు ఉన్ని వడకడం, పడుగుకు చింతగింజల గంజి పట్టించడం, గుంటమగ్గం మీద నేయడం అన్నీ చెప్పాడు. ఆ గంజి వల్లనే కొత్త గొంగడి అట్టలాగ బిర్రుగా ఉంటుంది.

వ్యాను బొమ్మ గీసి చూపిస్తే నవ్వాడు. తరువాత అడిగిన మొదటి మాట: "లోపల కడతరా, బయట కడతరా?" లోపల అన్నాడు మా మరిది. "బయట కట్టు కొడుకా. గుడ్డకు సలి తగలొద్దంటే సలికి ఎదురుంగ గొంగడుండాలె గని, గుడ్డ ఎనక దాసుకుంటే ఎట్ల?" కోయవద్దనీ, కోస్తే పోగులు ఊడుతాయనీ, మిగిలింది మడిచి కుట్టుకోమనీ అన్నాడు. మేము ఒక రాత్రి తడిసి నేర్చుకున్నదానిని ఆయన వ్యాను చూడకుండానే చెప్పాడు.

ఇక కట్టిన విధము చెబుతాను. గొంగడి పై అంచుకు నవారు కుట్టి, జానెడుకొక ముడితాడు వేసి, కప్పు అంచునున్న కమ్మీకి కట్టాము. కాన్వాసుకు ఎక్కడా సూది తగలనివ్వలేదు, తగిలితే ఆ రంధ్రం నుండి వాన దిగుతుంది. రెండు గొంగళ్ళు వెనుకవైపు ఒక అడుగు మేర ఒకదానిపై ఒకటి వచ్చాయి. వెడల్పులో మిగిలిన అడుగును కిందికి వేలాడనిచ్చాము, కాన్వాసు రేకును కలిసే అతుకు దానితో మూసుకుపోయింది. ముందువైపు ఎక్కువైనది లోనికి మడిచాము. రెండు ముందు మూలలలో బెత్తెడేసి ఖాళీ వదిలి, వెనుక కిటికీ వేలెడంత తెరిచి ఉంచాము. ఈ ఖాళీల విషయంలో అత్తగారికీ మావారికీ మళ్ళీ వాదన జరిగింది. ఖాళీలు అలాగే ఉన్నాయి.

ఆ రాత్రి నేను రెండుసార్లు లేచి కాన్వాసు తడిమి చూశాను. వెనుక మూలలో కొద్దిగా తేమ తగిలింది, అంతకు మించి లేదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకున్నా తడిసినట్లు అనిపించదు. పీల్చుకున్నది పొద్దున ఎండకు వదిలేస్తుంది. అత్తగారు ఆరు దాకా లేవలేదు. లేచి వేపపుల్ల విరుచుకుని, కూలిన గోడ మీద కూర్చుని పళ్ళు తోముకుంటూ, ఇక్కడ వంటిల్లు, ఇక్కడ గాదె, ఇక్కడ నన్ను తేలు కుట్టింది అని చూపిస్తూ పోయారు.

గొంగడిలో లోపాలూ ఉన్నాయి. రెండూ కలిపి బరువు, కట్టడానికి ఇద్దరు కావాలి, దిగి బయటకు వెళ్ళాలి. జోరువాన వస్తే పైన టార్పాలిన్ వేయక తప్పదు, నానిన గొంగడిని ఎత్తడం ఎవరి తరమూ కాదు. బండి కదిలే ముందు విప్పి తీరాలి. పురుగు పట్టకుండా ఎండబెట్టి వేపాకు వేసి మడవాలి. ఎండాకాలం సంగతి వేరు. అప్పుడు మేము పీకేసిన రేకుకాగితమే మేలు, అయితే అదీ బయటే, కాన్వాసుకు రెండంగుళాలు ఎడంగా, ఎండను వెనక్కి కొట్టేలా కట్టాలి. అంటుకుని ఉంటే ఆ మేలు కొంత తగ్గుతుంది.

మూడో రోజు పొద్దున బయలుదేరడానికి ముడులు విప్పుతుంటే అత్తగారు తమ్ముని గొంగడిని తీసుకుని భుజాల మీద కప్పుకున్నారు. పగటి ఎండలో, పరిగి దాటినా తీయలేదు. హైదరాబాదులో ఆమె మంచం మీదే ఉంది ఇప్పుడది. వ్యానుకు మిగిలింది ఒక గొంగడి. రెండో పక్కకు ఏమి కట్టాలో మా మరిది ఇంకా చూస్తున్నాడు.