పెట్టెలో మరచిన కార్డు

మా నెల్లిమర్ల సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. జూట్ మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఏడేళ్ళ క్రితం గుండె కొట్టుకోవడం మందగించి పడిపోతుంటే, ఛాతీలో పేస్‌మేకరు అమర్చారు. మొన్న వేసవిలో నాలుగడుగులు వేస్తే గుండె పట్టేస్తోందన్నారు. మోకాళ్ళ నొప్పులతో ట్రెడ్‌మిల్ మీద నడవలేరు గనుక స్ట్రెస్ ఎమ్మారై చేయించమని డాక్టరుగారు రాశారు.

"అయ్యగారండీ, ఒంట్లో మిషనెట్టుకుని ఆ గదిలోకెల్లొచ్చేటి?" అని ఆయన మమ్మల్ని అడిగారు. వెళ్ళకూడదని మేము గట్టిగా చెప్పాము. ఎప్పుడో ఆసుపత్రి గోడమీద చూసిన హెచ్చరిక మా మనసులో ఉంది. మా మాట పట్టుకొని ఆయన రెండు నెలలు నొప్పి భరించారు. ఇది రాయడానికి మాకు సిగ్గుగానే ఉంది.

మేము చెప్పినది ఒకప్పుడు నిజమే. ఎమ్మారై అంటే పెద్ద అయస్కాంతం. 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు. పాత పేస్‌మేకరు దాని దగ్గర గతి తప్పవచ్చు, గుండెలోని తీగ కొస వేడెక్కవచ్చు. అయితే దానిని తట్టుకునే పేస్‌మేకరుకు అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. ఇప్పుడు అమర్చేవాటిలో అనేకం అటువంటివే. కాని ఏ కంపెనీది, ఏ నమూనా, తీగలు ఏవి అన్నది ముందు తెలియాలి.

తుదకు డాక్టరుగారే మమ్మల్ని సరిదిద్దగా, ఆయననూ ఆయన కుమార్తెనూ వెంటబెట్టుకొని రాత్రి రైల్లో హైదరాబాదు వెళ్ళాము. అక్కడ అడిగిన మొదటి మాట, "పేస్‌మేకరు కార్డేదీ?" ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఊళ్ళో మనవడు ట్రంకుపెట్టె వెదికి, పింఛను కాగితాల మధ్య దొరికిన కార్డును ఫొటో తీసి ఫోనులో పంపేసరికి ఆనాటి వంతు దాటిపోయింది.

పరీక్ష అయ్యేదాకా టీ, కాఫీ ముట్టరాదు. వాటిలోని కెఫీన్ అడినోసిన్ మందును పనిచేయనీయదు. మిల్లు షిఫ్టులకు టీతోనే లేచిన మనిషికి అది ఉపవాసంకంటె కష్టం! అల్లం టీ వాసనకు ఆయన ముఖం తిప్పుకోవడం చూశాము.

మరునాడు ముందుగా పేస్‌మేకరును ఎమ్మారైకి తగినట్టు మార్చి, లోపలికి తీసుకెళ్ళారు. అడినోసిన్ ఎక్కించగానే బాగున్న రక్తనాళాలు విప్పారి రక్తం జోరుగా పారుతుంది; పూడిన నాళం వెనుక భాగానికి అంత అందదు, చిత్రంలో అక్కడ నల్లగా కనబడుతుంది. "మెట్లెక్కినట్టు ఆయాసమొచ్చింది, మందాపగానే పోయింది" అన్నారాయన. పేస్‌మేకరు లోహపు నీడ ఒక మూల పడినా, చూడవలసినది కనబడింది. వెంటనే దానిని పూర్వస్థితికి మార్చారు.

ఒక నాళం పూడిందని తేలి, తరువాత స్టెంటు వేశారు. ఇప్పుడాయన స్టేషనుదాకా నడుస్తున్నారు. కార్డు కళ్ళద్దాల పెట్టెలో ఉంటోంది.

ఆదివారం సంఘం ఎదుట మా తప్పు చెప్పి, ఇలాంటివి అమర్చుకున్నవారు ఇంకెవరని అడిగాము. ముగ్గురు లేచారు. ఇద్దరి కార్డులు సాయంత్రానికి దొరికాయి. మూడవ సోదరి కార్డు ఎక్కడా లేదు. ఆమెకు పేస్‌మేకరు అమర్చిన ఆసుపత్రికి ఉత్తరం రాసి, జవాబుకోసం చూస్తున్నాము.