తేలికకు తూకం

చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో వేరుశనగ పంట కళ్లానికి చేరిన తరువాత రైతు గాలివాటు చూసి చేట ఎత్తుతాడు. గట్టి కాయ కాళ్ల వద్దనే రాలుతుంది. తాలు, ఆకుపొడి దూరంగా పోతాయి. అయితే తాలు గాలికి కొట్టుకొనిపోతుందే గాని గాలికంటె తేలిక కాదు. కొంతసేపటికి అదీ నేలకు చేరుతుంది. గాలికంటె నిజంగా తేలికైన వస్తువు జాతరలో, పసివాని చేతిలోని దారం కొసన కనిపిస్తుంది.

ఆ బుడగలో ఉండేది హైడ్రోజన్ కావచ్చు, హీలియం కావచ్చు. హీలియం పరమాణువు హైడ్రోజన్ పరమాణువుకు నాలుగింతల బరువు. కాని హైడ్రోజన్ పరమాణువులు జంటగా సంచరిస్తాయి, హీలియం ఏకాకి. కనుక వాయురూపంలో తేడా రెండింతలే. హైడ్రోజన్ బరువు 2 అనుకుంటే హీలియం 4, నియాన్ 20, నత్రజని 28, ప్రాణవాయువు 32, ఆర్గాన్ 40, బొగ్గుపులుసు వాయువు 44. ఇన్నింటి మిశ్రమమైన గాలి సగటున 29.

రెట్టింపు బరువైన హీలియం సగం భారమే మోయగలదని ఎవరికైనా తోస్తుంది. లెక్క వేరుగా ఉంది. సున్నా డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1290 గ్రాములు, హీలియం 179, హైడ్రోజన్ 90. మోసే శక్తి వాయువు బరువులో లేదు. అది తొలగించిన గాలికీ దానికీ గల అంతరంలో ఉంది. ఆ అంతరం హైడ్రోజన్‌కు 1200 గ్రాములు, హీలియంకు 1111. నష్టం నూటికి ఏడెనిమిది పాళ్లు మాత్రమే.

దానికి ప్రతిఫలం నిప్పునుండి అభయం. హీలియం మండదు. 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో హిండెన్‌బర్గ్ అనే జర్మను ఆకాశనౌక క్షణాలలో దగ్ధమై 36 మంది మరణించారు. దానిని హీలియం కోసమే రూపొందించినా, అమెరికా ఆ వాయువును ఎగుమతి చేయనందున హైడ్రోజన్ నింపారు. మన జాతరలలోనూ చౌక హైడ్రోజన్ బుడగల గుత్తి వెలిగే దీపం పక్కనుండి సాగిపోతూనే ఉంటుంది. అమ్మేవానికి ధర తెలుసు. కొనేవారికి లోపల ఏమున్నదో తెలియదు!

హీలియం జాడ తొలిసారి దొరికిన కథలో తెలుగునేలకు భాగముంది. 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో జాన్సెన్, మచిలీపట్నంలో పోగ్సన్ పరిశీలించారు. సూర్యజ్వాలల వర్ణపటంలో కనిపించిన ఒక పసుపు గీత సోడియం గీతలతో కలవలేదు. అదే సంవత్సరం అక్టోబరులో లాకియర్ ఇంగ్లండులో దానిని గ్రహణం లేకుండానే పరిశీలించాడు. గ్రీకు భాషలోని సూర్యుని పేరే ఆ కొత్త మూలకానికి పేరయింది. అంత వెలుగులో కనిపించిన దానిని త్రాసులో వేసి చూడటానికి మాత్రం ఎవరి వద్దా పిసరంత కూడా లేదు. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజంనుండి దానిని వెలికితీసిన తరువాతనే ఆ అవకాశం కలిగింది.

భూగర్భంలో యురేనియం, థోరియం వంటివి క్షీణించేటప్పుడు హీలియం పుడుతుంది. సహజవాయువుతో కలిసి కొన్నిచోట్ల నిలవ ఉంటుంది. గాలిలో చేరినది మెల్లగా పైకి పోయి, ఆ తేలికదనం వల్లనే అంతరిక్షంలో కలిసిపోతుంది. రబ్బరు బుడగకు ఆ ఆలస్యం కూడా లేదు: రాత్రి ఇంటి కప్పును తాకినది తెల్లవారేసరికి ముడుచుకొని నేలమీద పడి ఉంటుంది.